నునుపు గొట్టం చెకుముకి తుపాకీ: గుండు, గుడ్డ కొలతల ఎంపిక

నునుపు గొట్టం చెకుముకి తుపాకీని మూతి వైపు నుంచి నింపుతారు. ముందు మందు పోసి, దానిమీద సీసపు గుండు వేసి, కడ్డీతో అడుగుదాకా దట్టిస్తారు. గుండు లోపలికి దిగాలంటే గొట్టం లోవ్యాసం కంటే కాస్త చిన్నదిగా ఉండక తప్పదు. ఎంత చిన్నదిగా ఉండాలి, గుండుకూ గొట్టానికీ మధ్య మిగిలిన సందును దేనితో పూడ్చాలి అన్నవి ఈ తుపాకీ వాడకంలో మొదటి ప్రశ్నలు. సందు ఎక్కువైతే మందు ఆవిరి గుండు పక్కల నుంచి దూసుకుపోయి బలం వృథా అవుతుంది, గుండు గొట్టంలో దొర్లుతూ పోతుంది. సందు మరీ తక్కువైతే రెండో మూడో కాల్పుకే మసి పేరుకుని గుండు సగంలో ఇరుక్కుంటుంది. గుండు చుట్టూ చుట్టే గుడ్డ ముక్క, అంటే ప్యాచ్, ఈ రెండు చిక్కులకూ మధ్యేమార్గం. అందుకే గుండును ఒకసారి, గుడ్డను ఇంకోసారి విడిగా ఎంచుకోవడం కుదరదు. ముందు సందు ఎంతో తేల్చుకుంటే మిగతా రెండూ దాని వెంట వస్తాయి.

గాడులున్న రైఫిల్‌లో గుడ్డకు ఇంకో పని కూడా ఉంటుంది. అది గాడుల్ని పట్టుకుని గుండును తిప్పుతుంది. నునుపు గొట్టంలో ఆ పని లేదు కాబట్టి గుడ్డ ఎంపికలో కొంత వెసులుబాటు ఉంటుంది. అసలు గుడ్డే లేకుండా కాల్చినా తుపాకీ పేలుతుంది. సైన్యాలు శతాబ్దానికి పైగా చేసింది అదే.

భద్రాచలం సీమలో మూతి తుపాకులు

గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1860 దాకా నిజాం రాజ్యంలో ఉన్నాయి. ఆ ఏడాది ఒప్పందంతో బ్రిటిష్ ప్రభుత్వానికి దక్కి, సెంట్రల్ ప్రావిన్సెస్‌లో సిరొంచ కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లాలో కలిశాయి. 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు మారాయి. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. ఇన్ని చేతులు మారిన సరిహద్దు అడవిలో ఒకే రకం తుపాకీ ఉండే అవకాశం లేదు. నిజాం జమీందారుల బంట్ల దగ్గర వత్తితో, అంటే జామగితో పేల్చే తుపాకులు ఉండేవి. తీరం వైపు నుంచి ఫ్రెంచి, ఇంగ్లీషు సేనల చెకుముకి తుపాకులు వచ్చాయి. 1840ల తర్వాత టోపీ పెట్టి పేల్చే తుపాకులు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. కోయలకూ కొండరెడ్లకూ మాత్రం విల్లంబులే ప్రధాన ఆయుధం. తుపాకీ కొండ ఊళ్ల పెత్తందారైన ముఠాదారు ఇంటిలోనో, ఊరికి ఒకరిద్దరి దగ్గరో ఉండే వస్తువు.

1879లో చోడవరం దగ్గర మొదలైన రంప తిరుగుబాటు ఆ ఏడాదే రేకపల్లి ప్రాంతానికి పాకింది. అక్కడ దానికి నాయకుడు తమ్మన్న దొర. పోడు సేద్యంపై పన్నులూ ఆంక్షలూ ఇక్కడి వారిని రెచ్చగొట్టాయి. తిరుగుబాటుదారుల దగ్గర ఉన్నవాటిలో ఎక్కువ వత్తి తుపాకులే. పోలీసుల నుంచి లాక్కున్నవి మిగతావి. అంతకు ముందు ఏడాదే, 1878లో, భారత ఆయుధాల చట్టం వచ్చి లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడాన్ని నేరం చేసింది. అయినా నాటు తుపాకీ ఈ అడవుల నుంచి పోలేదు. దానికి బస్తర్ వైపు నుంచి వచ్చిన భర్మార్ అన్న పేరు ఇప్పటికీ ఖమ్మం, భద్రాచలం వార్తల్లో వినిపిస్తూనే ఉంటుంది.

వత్తి, చెకుముకి, టోపీ తుపాకుల మధ్య తేడా నిప్పు పుట్టించే ఏర్పాటులోనే ఉంది. వత్తి తుపాకీలో కాలుతున్న తాడు రంజకాన్ని, అంటే లోపలి మందుకు నిప్పందించే పొడిని, ముట్టిస్తుంది. చెకుముకి తుపాకీలో రాయి ఉక్కు మీద రాచుకుని రవ్వలు పళ్లెంలోని రంజకంలో పడతాయి. టోపీలో పేలుడు రసాయనం ఉంటుంది. గొట్టం, గుండు, గుడ్డ విషయంలో మూడూ ఒకటే. కాబట్టి చెకుముకి తుపాకీకి చెప్పే కొలతల లెక్క మిగతా రెండింటికీ యథాతథంగా వర్తిస్తుంది.

గొట్టం కొలత

కర్మాగారాలు రాకముందు గొట్టం లోవ్యాసాన్ని అంగుళాల్లో కాక గుండు బరువుతో చెప్పేవారు. ఒక పౌను సీసంతో గొట్టానికి సరిగ్గా పట్టే గుళ్లు ఎన్ని పోయవచ్చో ఆ సంఖ్యే దాని బోరు. పన్నెండు గుళ్లు వస్తే 12 బోరు. సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 42.4ను బోరు సంఖ్య ఘనమూలంతో భాగిస్తే వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. ఆ లెక్కన 11 బోరు సుమారు 19.05 మి.మీ., 12 బోరు 18.5, 14 బోరు 17.6, 16 బోరు 16.8, 20 బోరు 15.6, 24 బోరు 14.7. మన దేశపు తూకంలో చూస్తే, 11.66 గ్రాముల తులం బరువున్న సీసపు గుండు వ్యాసం దాదాపు 12.5 మి.మీ., రెండు తులాల గుండు 15.8 మి.మీ. బరువు రెట్టింపైతే వ్యాసం పావు వంతు మాత్రమే పెరుగుతుందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. గుళ్ల ఎంపికలో జరిగే పొరపాట్లలో చాలా వాటికి మూలం దీన్ని పట్టించుకోకపోవడమే.

సైనిక తుపాకీకి కాగితం మీద ఒక కొలత ఉంటుంది. నాటు తుపాకీకి అదీ ఉండదు. పాతకాలపు దేశీయ గొట్టాన్ని ఇనుప పట్టీని మెలితిప్పి చుట్టి, కాల్చి అతికి, లోపల చేత్తో తొలిచి చేసేవారు. అలా చేసిన రెండు గొట్టాలు ఒకే కొలతకు రావడం కాకతాళీయమే. ఒకే గొట్టంలో కూడా మూతి దగ్గర ఒక వ్యాసం, నడిమిన ఇంకో వ్యాసం ఉండవచ్చు. ఏళ్ల తరబడి కడ్డీ రాపిడికి మూతి అరిగి వెడల్పవుతుంది. అందువల్లనే పాత రోజుల్లో తుపాకీతోపాటు దాని గుళ్ల అచ్చు కూడా చేయించేవారు. అచ్చు పోతే తుపాకీ సగం పోయినట్టే.

కొలిచే ముందు తుపాకీలో మందు లేదని తేల్చుకోవాలి. కడ్డీని లోపలికి దించి మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటకు తీసి గొట్టం పక్కన ఆనిస్తే దాని కొస రంజకపు రంధ్రం దాకా రావాలి. రాకపోతే లోపల ఏదో ఉన్నట్టే. దశాబ్దాలుగా అటక మీద పడి ఉన్న తుపాకులు నింపిన మందుతోనే దొరికిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. ఆ తర్వాత మూతిని వెర్నియర్ కాలిపర్‌తో రెండు అడ్డదిశల్లో కొలుస్తారు. అది చాలదు. మెత్తని సీసపు ముద్దను నూనె రాసిన గొట్టంలోకి మెల్లగా తట్టుతూ దించి, ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ వదులవుతుందో చేతితోనే గమనించి, బయటకు తీసి కొలిస్తే అత్యంత ఇరుకైన చోటు తెలుస్తుంది. గుండు వ్యాసానికి ఆ ఇరుకు చోటే ప్రమాణం. గుడ్డ మందానికి మాత్రం వెడల్పు చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మూతి దగ్గర 15.6, నడిమిన 15.9 ఉన్న గొట్టానికి గుండును మొదటి కొలతకు లోబడి ఎంచుకుని, రెండో చోట కూడా సందును నింపగలిగే మెత్తని గుడ్డను వాడతారు. తేడా అంతకంటే పెరిగితే ఆ గొట్టం మంచి గురికి పనికిరాదు.

సైన్యపు సందు

తెలుగు నేల మీద రెండు ఐరోపా సైన్యాలు చెకుముకి తుపాకులతో ఎదురెదురు నిలిచిన పెద్ద యుద్ధం 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో జరిగింది. ఫోర్డ్ నాయకత్వంలోని ఈస్టిండియా కంపెనీ సేన, విజయనగరం ఆనంద గజపతి సేన ఒకవైపు, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేన మరోవైపు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఫ్రెంచివారి చేయి జారింది. ఆ ఇద్దరి తుపాకులూ సందు విషయంలో వేర్వేరు దారుల్లో నడిచాయి.

బ్రిటిష్ మస్కెట్ లోవ్యాసం 0.75 అంగుళం, అంటే 19.05 మి.మీ., 11 బోరు. దానిలో వేసేది 14 బోరు గుండు, సుమారు 17.5 మి.మీ., 32 గ్రాములు. మొత్తం సందు ఒకటిన్నర మిల్లీమీటరు. ఫ్రెంచి మస్కెట్ లోవ్యాసం సుమారు 17.5 మి.మీ., గుండు 16.5 లేదా అంతకంటే కాస్త చిన్నది. బ్రిటిష్ గుండూ ఫ్రెంచి గొట్టమూ దాదాపు ఒకే కొలత కావడంతో ఒక వింత ఫలితం వచ్చింది. ఫ్రెంచివారి గుళ్లు చిక్కితే ఇంగ్లీషు సిపాయి వాటిని వదులుగానైనా కాల్చగలడు. ఇంగ్లీషు గుళ్లు ఫ్రెంచి గొట్టంలో దిగవు.

ఒకటిన్నర మిల్లీమీటరు చిన్నదిగానే అనిపిస్తుంది గాని, వైశాల్యంలో చూస్తే గొట్టం అడ్డుకోతలో దాదాపు 15 శాతం ఖాళీ. అంత ఖాళీ వదిలింది అజ్ఞానంతో కాదు. వరుసగా నిలబడి నిమిషానికి రెండు మూడు సార్లు కాల్చే సైనికుడికి ముప్పయ్యో కాల్పు దగ్గర కూడా గుండు సులువుగా దిగాలి. వేల తుపాకుల గొట్టాల్లోని చిన్న చిన్న తేడాలన్నింటికీ ఒకే గుండు సరిపోవాలి. ఎదురుగా ఉన్నది ఒక మనిషి కాదు, మనుషుల గోడ. మందునూ గుండునూ కలిపి చుట్టిన తూటా కాగితం సందులో కొంత భాగాన్ని పూడ్చేది. 39 అంగుళాల పొట్టి గొట్టంతో ఈస్టిండియా కంపెనీ తన సేనల కోసం చేయించిన నమూనాను ఫ్రెంచి యుద్ధాల అవసరం కొద్దీ 1790లలో బ్రిటిష్ రాజు సైన్యం కూడా తీసుకుంది. దానికి ఇండియా ప్యాటర్న్ అనే పేరు అలా స్థిరపడింది. గుండు కొలత మాత్రం మారలేదు.

అటువంటి తుపాకీతో ఒక మనిషిని గురిపెట్టి కొట్టగల దూరం 80 గజాలనీ, మహా అయితే 100 అనీ బ్రిటిష్ సైనికాధికారి జార్జ్ హేంగర్ 1814లో తేల్చాడు. దానికి కారణాన్ని అప్పటికి డెబ్భై ఏళ్ల ముందే ఇంగ్లీషు గణితవేత్త బెంజమిన్ రాబిన్స్ వివరించాడు. 1742లో వెలువడిన ఆయన గ్రంథాన్ని మరో గణితవేత్త ఆయిలర్ జర్మన్‌లోకి తెచ్చాడు. వదులుగా ఉన్న గుండు గొట్టం గోడలకు తగులుతూ పోతుంది. చివరిగా ఏ గోడను ఒరుసుకుని బయటపడుతుందో దాన్ని బట్టి ఏదో ఒక వైపు గిరగిర తిరుగుతుంది. ఆ తిరుగుడుకు గాలి ఒకవైపు ఎక్కువగా నెట్టి దారి తప్పిస్తుంది. దీన్ని నిరూపించడానికి ఆయన ఒక గొట్టం కొసను మూడు నాలుగు డిగ్రీలు ఎడమకు వంచి కాల్చాడు. గుండు మొదట ఎడమకు పోయి, దూరం పెరిగేకొద్దీ కుడివైపు వంపు తిరిగింది. వంగిన గొట్టంలో కుడి గోడను ఒరుసుకుంటూ వచ్చిన గుండుకు పట్టిన తిరుగుడు అది. ఆ రాబిన్స్ తర్వాత కంపెనీ ఇంజనీరుగా కోరమాండల్ తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు.

గుడ్డ చుట్టడం వెనుక ఉన్న అసలు కిటుకు రాబిన్స్ ప్రయోగంలోనే ఉంది. గుండును గొట్టం నడుమ నిలిపి, గోడకు తగలకుండా చేస్తే దానికి పట్టే అస్తవ్యస్తపు తిరుగుడు తగ్గుతుంది. రైఫిల్‌తో పోటీపడేంత గురి రాదు గాని, యాభై అరవై మీటర్ల లోపు తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

గుండుకు తగ్గ గుడ్డ

ఒంటరిగా కాల్చేవారికి, పోటీల్లో పాల్గొనేవారికి సైన్యపు సందు అక్కర్లేదు. వారి లెక్క ఇది: గుండు వ్యాసానికి నొక్కిన గుడ్డ మందం రెండింతలు కలిపితే గొట్టం లోవ్యాసం రావాలి, లేదా దానికి వెంట్రుకవాసి ఎక్కువ కావాలి. గుడ్డ గుండుకు రెండు పక్కలా ఉంటుంది కాబట్టి రెండింతలు. 19.05 మి.మీ. గొట్టాన్నే తీసుకుంటే, 18.16 మి.మీ. గుండుతో ఒక్కో పక్క 0.44 మి.మీ. మిగులుతుంది. పరుపులకు వాడే ఒత్తు నేత గుడ్డ దానికి సరిపోతుంది. 18.67 మి.మీ. గుండు వేస్తే ఒక్కో పక్క మిగిలేది 0.19 మాత్రమే. పావు మిల్లీమీటరు మందమున్న పలుచని నూలు గుడ్డ కావాలి. గుడ్డ లేకుండా చూస్తే మొదటి గుండుతో ఖాళీ వైశాల్యం 9 శాతం, రెండో దానితో 4 శాతం లోపు. 20 బోరు, అంటే 15.6 మి.మీ. గొట్టమైతే 15.1 మి.మీ. గుండు, పావు మిల్లీమీటరుకు కొంచెం పైన ఉన్న గుడ్డ మంచి ఆరంభం. ఆ గుండు బరువు 20 గ్రాములకు కాస్త ఎక్కువ.

పెద్ద గుండు, పలుచని గుడ్డ మేలా, చిన్న గుండు, మందపు గుడ్డ మేలా అన్న వాదం చాలా కాలంగా ఉంది. అరిగిన గొట్టానికి, గట్టిగా మసిపట్టే వాతావరణానికి రెండోదే మేలు. మందపు గుడ్డ అణిగి సర్దుకుంటుంది, ఎక్కువ తడిని పట్టి ఉంచుతుంది, ముందు కాల్పు మసిని తనతో తుడిచి దించుతుంది. నునుపైన కొత్త గొట్టంలో మొదటి జోడీ గురి కొంచెం మెరుగ్గా ఉండవచ్చు గాని, నాలుగైదు కాల్పులకోసారి గొట్టం తుడవవలసి వస్తుంది. ఎటు తేల్చుకోలేనప్పుడు చిన్న గుండు వైపే మొగ్గడం క్షేమం.

గుండు మార్చినప్పుడు మందు పాళ్లు పాతవే ఉంచడం ప్రమాదకరం. 17.5 నుంచి 18.67 మి.మీ.కు పోవడం వ్యాసంలో ఏడు శాతం లోపే. బరువులో మాత్రం 32 గ్రాముల నుంచి 38.6 గ్రాములకు, అంటే అయిదో వంతు పెరుగుదల. అదీగాక సందు మూసుకుపోయి ఆవిరి బయటికి పోయే దారి తగ్గింది. రెండూ కలిసి గొట్టంలో ఒత్తిడిని పెంచుతాయి. వదులు గుండుతో తట్టుకున్న పాత గొట్టం బిగువు గుండుతో తట్టుకోకపోవచ్చు.

గుడ్డ నూలుదో నారదో అయి ఉండాలి. నైలాన్, పాలిస్టర్ కలిసిన బట్ట వేడికి కరిగి గొట్టానికి అతుక్కుంటుంది. చిన్న కొస కాల్చి చూస్తే తెలిసిపోతుంది: నూలు బూడిదవుతుంది, కలిపిన బట్ట ముద్దకడుతుంది. కొత్త కోరా గుడ్డలోని గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టాలి. గంజి ఉంటే నూనె సమంగా పీల్చదు, మందమూ తప్పుగా కనిపిస్తుంది. చేనేత ముతక బట్టలో పోగులు ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా ఉంటాయి కాబట్టి ఒక చోట కొలిచిన మందం ఇంకో చోట ఉండదు. నేత ఎంత ఒత్తుగా ఉంటే అంత మంచిది. ముక్క వెడల్పు గుండు వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటే చాలు. గుండ్రమా చదరమా అన్నది నునుపు గొట్టంలో పట్టించుకోవలసిన విషయం కాదు.

పొడి గుడ్డను దట్టించరు. వెంటనే కాల్చేటప్పుడు ఉమ్మితో తడిపినా పని జరుగుతుంది. నింపి చాలాసేపు ఉంచవలసి వస్తే మైనం, కొవ్వు, వంట నూనెల మిశ్రమం రాస్తారు. పెట్రోలియం నుంచి వచ్చే యంత్రపు నూనె నల్లమందు మసితో కలిసి తారులా గట్టిపడుతుంది కాబట్టి దాన్ని వాడరు. తేనెపట్టు మైనం భద్రాచలం అడవుల్లో ఎప్పుడూ దొరికే సరుకే. ఇప్పగింజల నూనె చలికి నెయ్యిలా గడ్డకడుతుంది, అంటే కొవ్వు చేసే పనికి దగ్గరి గుణం దానికి ఉంది. మిశ్రమంలో నూనె పాలు ఎక్కువైతే అది కారి మందును తడుపుతుంది. గొట్టానికి నూనె జారుడు ఎంత అవసరమో, ఆ నూనె దేనిదన్న ప్రశ్న ఎంత దూరం పోగలదో 1857 సిపాయిల తిరుగుబాటు చెబుతుంది. ఆ ఏడాది వివాదం ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాల గ్రీజు గురించి. జనవరిలోనే గ్రీజు లేని తూటాలిచ్చి సిపాయిలు తమకు సమ్మతమైన దాన్ని రాసుకోవచ్చని ప్రభుత్వం ఉత్తర్వు వేసినా అప్పటికే అనుమానం దండులన్నిటికీ పాకిపోయింది.

మసి, ఎండ, వాన

నల్లమందు మండినప్పుడు దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగలో పోతుంది, మిగిలింది గొట్టానికి అంటుకుంటుంది. పొటాషియం లవణాలు ఎక్కువగా ఉండే ఆ మసి గాలిలో తేమను బట్టి రూపు మారుస్తుంది. గోదావరి ఒడ్డున మే నెల ఎండ 45 డిగ్రీలను తాకే రోజుల్లో అది ఎండి పెచ్చుకడుతుంది. పొద్దున సులువుగా దిగిన గుండే మధ్యాహ్నానికి మూడో కాల్పు దగ్గర మొరాయిస్తుంది. అప్పుడు గుండు వ్యాసం పదో వంతు మిల్లీమీటరు తగ్గించడమో, గుడ్డను మరింత తడిగా వాడడమో చేస్తారు. వానాకాలంలో మసి తేమ పీల్చి జిగటగా మారుతుంది. దట్టించడం సులువవుతుంది గాని ఆ తేమే గొట్టాన్ని రాత్రికి రాత్రి తుప్పు పట్టిస్తుంది. తుప్పు తిన్న గుంటలు తర్వాత గుడ్డను చించుతాయి. కాబట్టి కాల్చిన రోజునే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయడం కొలతల ఎంపికలో భాగమనే చెప్పాలి. లోపలి కొలత నిలబడాలంటే అది తప్పదు. చెకుముకి తుపాకీకి వానలో ఇంకో కష్టం: పళ్లెంలోని రంజకం గాలి తేమకే మెత్తబడుతుంది. దానికి గుండు, గుడ్డ ఏమీ చేయలేవు.

అడవిలో తుపాకీ భుజాన వేసుకుని గట్టులెక్కి దిగేవారి విషయంలో గుండు బిగువుకు మరో కారణం ఉంది. మూతి కిందికి వంగినప్పుడు వదులు గుండు మందును వదిలి ముందుకు జారుతుంది. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఏర్పడిన తుపాకీని పేలిస్తే ఆ చోట గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు. గుడ్డ చుట్టిన గుండు ఆ జారుడును ఆపుతుంది. గుడ్డ లేకుండా వేసే వారు గుండు మీద కాగితంతోనో, పాత గుడ్డ పేలికలతోనో, కొబ్బరి పీచుతోనో బిరడా దట్టించేది అందుకే. ఒక్క గుండుకు బదులు చిన్న చిన్న చెర్రాలు వేసేటప్పుడు ప్యాచ్ అక్కర్లేదు, మందు మీద ఒక బిరడా, చెర్రాల మీద ఇంకొకటి సరిపోతాయి.

గుండు పోత

పైన చెప్పిన బరువులన్నీ మెత్తని శుద్ధ సీసానికి. అది 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది. ఆంటిమొనీ కలిసిన గట్టి సీసం తక్కువ కుంచించుకుంటుంది. అందువల్ల ఒకే అచ్చులో పోసినా గుండు కొంచెం పెద్దదిగా, తేలికగా వస్తుంది. బిగువు జోడీకి ఆ కాస్త తేడా కూడా చాలు ఇరుక్కోవడానికి. పాత బ్యాటరీల సీసాన్ని కరిగించడం మాత్రం ఏ లెక్కనా మంచిది కాదు. దానిలోని మలినాలు విషవాయువుల్ని విడుస్తాయి. మామూలు సీసం కూడా గాలి ఆడే చోటే కరిగించాలి.

పోసిన గుళ్లను తూచి వేరు చేస్తారు. మిగతా వాటికంటే తేలికైన గుండు లోపల గాలి బుడగ ఉన్నట్టు. అటువంటి గుండు బరువు కేంద్రం పక్కకు జరిగి ఉంటుంది, ఎంత మంచి గుడ్డ చుట్టినా వంకరగా పోతుంది. పోత తోక కోసిన మచ్చను ఎప్పుడూ మూతివైపు, నడిమికి వచ్చేలా పెట్టి దట్టించడం ఒక అలవాటు. మచ్చను ఏ వైపు పెట్టారన్నది అంత ముఖ్యం కాదు, ప్రతిసారీ ఒకే వైపు పెట్టడం ముఖ్యం.

కాల్చి చూడడం

లెక్కలు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాయి, చివరి మాట చెప్పేది కాలిన గుడ్డే. గొట్టం దాటాక గుడ్డ ముక్క కొన్ని మీటర్ల దూరంలో పడుతుంది. దాన్ని ఏరి చూస్తారు. నడుమ మసకగా, గుండు ఒరిగిన చోట చుట్టూ సమంగా నల్లని వలయం ఉండి, పోగులు చెక్కుచెదరకపోతే జోడీ కుదిరినట్టు. వలయం దగ్గర కాలి రంధ్రాలు పడితే ఆవిరి పక్కల నుంచి తోసుకువచ్చిందని అర్థం: గుడ్డ పలుచన, లేదా గుండు చిన్నది. నడుమనే కాలితే నూనె చాలలేదు, లేదా మందుకూ గుడ్డకూ మధ్య ఒక బిరడా అవసరం. కత్తితో కోసినట్టు చీలికలుంటే తప్పు గుడ్డది కాదు, మూతి అంచు పదునుగా ఉంది. వలయం ఒక పక్కే నల్లగా ఉంటే గుండు నడుమ నిలవలేదు. కొలతలు మార్చేటప్పుడు ఒక్కసారికి ఒక్కదాన్నే మార్చాలి. గుండు, గుడ్డ, నూనె మూడూ కలిపి మారిస్తే మెరుగుదల దేనివల్ల వచ్చిందో తెలియదు.

దట్టించేటప్పుడు చేతికి తెలిసే బిగువు కూడా సాక్ష్యమే. మూతి దగ్గర బొటనవేలి ఒత్తిడికి కాస్త లొంగి, ఆ తర్వాత కడ్డీతో ఒకే ఊపులో అడుగుదాకా దిగే గుండు నునుపు గొట్టానికి తగినది. సుత్తి వాడవలసి వస్తే అది తగనిది. కడ్డీ మీద ఖాళీ గొట్టానికి ఒకటి, నింపిన గొట్టానికి ఒకటి చొప్పున రెండు గీతలు ఉంటే గుండు పూర్తిగా దిగిందో లేదో ప్రతిసారీ కనబడుతుంది. సగంలో ఇరుక్కున్న గుండును కాల్చి వదిలించుకోవాలనుకోవడం గొట్టాన్ని పగలగొట్టుకోవడమే. దాన్ని కడ్డీ కొసకు బిగించే మరతో బయటకు లాగాలి, లేదా రంజకపు రంధ్రంలో నీళ్లు పోసి మందును చంపాక తీయాలి.

చట్టం

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ రెండు నునుపు గొట్టాల్ని ప్రత్యేకంగా పేర్కొంటుంది: ఆత్మరక్షణకో క్రీడకో వాడే, 20 అంగుళాలకు తక్కువ కాని గొట్టమున్న తుపాకీ, పంట కాపలాకు వాడే మూతి తుపాకీ. రెండింటికీ లైసెన్సు తప్పనిసరి. లైసెన్సున్నా వేట చెల్లదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తుంది, పాపికొండలు, కిన్నెరసాని రక్షిత అడవుల్లో ఆంక్షలు ఇంకా గట్టివి. కాల్చడానికి పనికిరాని స్థితిలో ఉన్న పాత ఆయుధాలకు 45వ సెక్షన్ కొంత మినహాయింపు ఇస్తుంది. ఆ కోవలోని గొట్టాల్లో అతుకు వదిలినవి, అడుగున తుప్పు తిన్నవి ఎన్నో ఉంటాయి కాబట్టి వాటికి ఏ గుండూ ఏ గుడ్డా సరైన కొలత కాదు. మ్యూజియంలు అటువంటి తుపాకీ వివరాల్లో మూతి దగ్గరి వ్యాసాన్నీ, వెంట అచ్చు దొరికితే దాని గుండు వ్యాసాన్నీ విడివిడిగా నమోదు చేస్తే, ఆ రెండింటి తేడాను బట్టి అది వదులు గుండుతో నడిచిందో, గుడ్డ చుట్టి వాడినదో ఊహించే వీలుంటుంది.